ఆదివారం పాటల గది

నెల్లూరు జిల్లా, కోవూరు తాలూకా, అల్లూరు కాపురం, కీర్తిశేషులు రంగనాయకులు గారి పెద్ద కూతురు ఆదిశేషమ్మ, వయసు యాభై ఆరు, తన చేతితో రాసుకున్న వీలునామా ఇది. పక్కన కూర్చుని ఎవరూ చెప్పడం లేదు.

బుద్ధి స్థిరంగా ఉందని ఇలాంటి కాగితాల్లో ముందుగా చెప్పుకోవాలట. ఉందని నేనే అంటే ఎవరు నమ్మాలి? అందుకని ఈ ఉదయం ఎలా గడిచిందో రాస్తాను. చదివినవాళ్లే తేల్చుకోవచ్చు.

తెల్లవారకముందే లేచాను. ఏకాదశి గనుక పొయ్యి జోలికి పోలేదు. వాకిలి చిమ్మి ముగ్గు వేశాను. చుక్కలు తప్పలేదు. సముద్రపు గాలికి తులసికోట దగ్గర దీపం రెండుసార్లు ఆరింది. చెయ్యి అడ్డం పెట్టి మళ్లీ వెలిగించాను. జపం ముగించుకుని, పంచలో కూర్చుని ఫిడేలు తీశాను. రాత్రి చెమ్మకు తీగలు దిగిపోయి ఉన్నాయి. బిరడాలకు సుద్ద రాసి బిగిస్తే పంచమం కుదిరింది గానీ షడ్జమం మొండికేసింది. అంతలో చేపల ముసలమ్మ వచ్చి గుమ్మంలో గంప దించింది. "ఏందక్కా, పొద్దన్నే పిల్లి తోక తొక్కినట్టుండావే" అంది. ఏకాదశినాడు ఇక్కడ గంప దించవద్దని చెప్పాను. "నీకు అమ్మేదానికి గాదులే, నడుం పట్టేసి దించినా" అంది. చెంబుతో మజ్జిగ ఇచ్చాను. తాగి, మూతి తుడుచుకుని పోయింది. మరదలు రాఘవమ్మ పాలు తీసుకుని లోపలికి వెళ్లింది. తమ్ముడు పద్మనాభయ్య బయటికొచ్చి, ఫిడేలు వంక ఒకసారి, నా వంక ఒకసారి చూసి పొలానికి పోయాడు. నెల రోజులుగా అతను నాతో అవసరానికి మించి మాట్లాడడం లేదు. షడ్జమం చివరకు కుదిరింది.

ఇది మతి చలించిన మనిషి ఉదయం కాదని నా నమ్మకం.

గురువారం నేను మద్రాసు వెళ్తున్నాను. కడుపులో గడ్డ ఉంది, కోసి తీయాలన్నారు. తిరిగి వస్తే ఈ కాగితం పెట్టె అడుగున పడి ఉంటుంది. రాకపోతే చెల్లుతుంది. రెండింటికీ నాకు దిగులు లేదు. దిగులల్లా ఇంటి ముందరగది గురించి. ఈ వీలునామా దానికోసమే రాస్తున్నాను. మిగిలినవన్నీ దాని వెంట వచ్చినవి.

ఆ గది, చెరువు కింద మాగాణి నాన్నగారు నా పేర రాసి ఇచ్చినవి. పెళ్లయిన మూడో ఏట భర్త పోయి నేను పుట్టింటికి వచ్చాక ఆ పని చేశారు. తొమ్మిదేళ్లుగా ఆ గదిలో ప్రతి ఆదివారం సాయంత్రం మేము నలుగురం కూర్చుంటున్నాము. సహకార సంఘంలో గుమాస్తా సంజీవరావు, పెళ్లిళ్ల బ్యాండులో క్లారినెట్టు వాయించే హజరత్తయ్య, సముద్రం ఒడ్డు జాలర్ల పాలెం నుంచి వచ్చే ముత్యాలయ్య, నేను. ఎవరికి ఇష్టమైన పాట వాళ్లు తెస్తారు. మిగిలినవాళ్లు నేర్చుకుంటారు. పై ఆదివారం ఆ పాటను తెచ్చినవాడు పాడకూడదు, నేర్చుకున్నవాళ్లే పాడాలి. మా కట్టుబాటు అదొక్కటే. దానివల్ల ఎవరి పాట ఎవరిదో కొన్నాళ్లకు మాకే గుర్తుండదు. పేరు గల విద్వాంసుడు ఎవరూ మాలో లేరు. మాకు సభ లేదు, టిక్కెట్టు లేదు.

నా తర్వాత ఆ గదిలో ఎరువు మూటలు వేయిస్తానని తమ్ముడు పోయిన నెల అన్నాడు. ఎందుకన్నాడో ఐదో షరతులో రాస్తాను.

ఒకటి. చెరువు కింద నా మాగాణి నా అనంతరం తమ్ముడు పద్మనాభయ్యకు సర్వహక్కులతో చెందవలెను. ఆ సేద్యం ఎప్పుడూ అతనే చేయించాడు. అమ్మ పోయేనాటికి అతనికి నడక కూడా సరిగా రాదు. నా చంకన పెరిగాడు. పాడితే ఏడుపు ఆపేవాడు, ఆపితే మళ్లీ ఎత్తుకునేవాడు. అతనికది గుర్తుండే వయసు కాదు.

రెండు. నా మెడలోని గొలుసు ఇందుకూరుపేటలో ఉన్న చెల్లెలు మాలకొండమ్మకు చెందవలెను. అమ్మ వాడిన కంచు గుండిగ సంగతి కూడా ఇక్కడే రాయాలి. చెల్లెలు కాపురానికి పోయేనాడు దాన్ని బండిలో గడ్డి కింద పెట్టుకుని తీసుకుపోయింది. నేను చూశాను. అడగలేదు. కొన్నేళ్లు మనసులో పెట్టుకున్న మాట నిజం. నేను వాళ్లింటికి పోయినప్పుడల్లా దాన్ని అటక ఎక్కించి సత్తు గిన్నెలో వండుతుంది. ఆ గుండిగను కూడా ఆమెకే రాసి ఇస్తున్నాను. ఇక కిందికి దించుకోవచ్చు.

మూడు. నా ఫిడేలు, కమాను, పెట్టెతో సహా హజరత్తయ్యకు చెందవలెను. అతనికి ఫిడేలు రాదు. అయితే నా వేళ్లు తిమ్మిరెక్కిన రోజుల్లో నా బదులు తీగలు సరిచేసింది అతనే. వాయించకపోయినా శ్రుతి దిగిపోనివ్వడు. వాయిద్యానికి ముందుగా కావలసింది అది.

హజరత్తయ్య నాకొక హిందీ సినిమా పాట నేర్పాడు. పెళ్లి ఊరేగింపుల్లో గంతులు వేయించే పాట. నేను దాన్ని నెమ్మదిగా, గమకాలు పెట్టి వాయించుకునేదాన్ని. ఒక శ్రీరామనవమికి పందిట్లో వాయించమన్నారు. ఆ పూట చేతికి అదే వచ్చింది. పెద్దలంతా కళ్లు మూసుకుని తలలూపారు. అందులో ఒకాయన కళ్లు తుడుచుకుంటూ, "ఇది ఏ భక్తుడిదమ్మా?" అని అడిగారు. హజరత్తయ్య నేర్పాడని చెప్పాను. అతను స్తంభం వెనక నిలబడి నోట్లో తువ్వాలు కుక్కుకున్నాడు. ఆ పాటలో పిల్ల ఎవరికోసమో గడప దగ్గర ఎదురుచూస్తుందట. నవమి పందిట్లో పాడకూడని సంగతి కాదది.

నాలుగు. సంజీవరావుకు నా చేతుల కుర్చీ. మోకాళ్ల నొప్పి వల్ల అతను నేల మీద కూర్చోలేడు. అందరూ జంపఖానా మీద ఉంటే తను ఎత్తులో కూర్చోవడం అతనికి కష్టంగా ఉండేది. అందుకని ఆ కుర్చీ కాళ్లు కోయించి పొట్టిది చేయించాను. చూసినవాళ్లు నవ్వుతారు. మరొకరికి పనికిరాదు. అతనికే చెందవలెను.

గ్రామఫోను అతనిదే, ఇక్కడ ఉన్నది గనుక రాస్తున్నాను. ఎవరూ తకరారు చేయకూడదు. ఒకసారి అతను దొరల సంగీతం ప్లేటు తెచ్చాడు. ఎన్నో ఫిడేళ్లు ఒక్కసారే లేస్తాయి అందులో. అతనికి ప్రాణం. మేము ఊపిరి బిగబట్టి విన్నాము. అయిపోయాక ముత్యాలయ్య, "ఇంతమంది ఒక్కసారే లాగితే వల తెగిపోద్ది గదన్నా" అన్నాడు. సంజీవరావు చిన్నబుచ్చుకుని రెండు ఆదివారాలు రాలేదు. తర్వాత వచ్చి కూర్చుంటూనే, "వాళ్ళు లాగేది గూడా వలేరా ముత్యాలూ. పడింది ఏందో మనకు కనబడదు, అంతే" అన్నాడు. ఇప్పుడు ఆ ప్లేటు పెట్టమని అడిగేది ముత్యాలయ్యే.

ఐదు. నా గురువు కామాక్షయ్య గారు నాకిచ్చిన కంచు తాళాలు ముత్యాలయ్యకు చెందవలెను. ఉప్పుగాలికి చిలుం పడుతుంది. చింతపండుతో తోమి తుడిచిపెట్టుకోవాలి.

కామాక్షయ్య గారు భజన గురువు. నాన్నగారు ఇంటికి పిలిపించి నాకు పాట, ఫిడేలు చెప్పించారు. భర్త పోయిన పిల్లకు పాటలేమిటని ఊళ్లో కొందరన్నారు. నాన్నగారు, "దాని పొద్దు ఎట్ట పోవాలో మీరు చెప్పండి, అట్టనే చేస్తా" అన్నారు.

గురువుగారు స్వయంగా కట్టిన రామకీర్తన ఒకటి నాకు ఇచ్చారు. అందులో ఆయన పేరు ఎక్కడా లేదు, అది అచ్చులోనూ లేదు. పల్లవి ఎత్తుగడ ఆ దేవుడి పేరే. 'రా' దగ్గర చాలాసేపు నిలవాలి. ఊపిరి తీసుకుని, అప్పుడు 'మా' మీదకు దిగాలి. నేను ముప్పై ఏళ్లుగా అలాగే పాడుతున్నాను. ముత్యాలయ్య తన వంతుకు ఆ కీర్తన నేర్చుకున్నాడు. నేర్చుకున్న కొన్నాళ్లకు, "ఎవుర్నక్కా అంతగా రా, రా అని పిలస్తా ఉండావు? మావాడని గూడా అంటివి. ఇంకా రాలేదా?" అని అడిగాడు. అది రెండు మాటలనుకున్నాడు. రాముడి పేరని చెప్పాను. గబగబా చెంపలు వేసుకున్నాడు. అప్పటికే ఆ పాట ఒడ్డుకు పోయింది. పాలెంలో మగవాళ్లంతా పెద్దవల లాగేటప్పుడు దాన్నే పాడుతున్నారు. 'రా' అన్నప్పుడు అందరూ ఒక్కపట్టున లాగుతారు. 'మా' అన్నప్పుడు తాడు మీద చేతులు మార్చుకుంటారు. "తప్పయితే మానిపిస్తానక్కా. అయితే ఏ పాటకీ మావోళ్ళు ఇంత బాగా లాగలే" అన్నాడు. మాన్పించవద్దన్నాను.

పోయిన మాఘ పౌర్ణమికి సముద్ర స్నానానికి ఇంటిల్లిపాదీ బండ్లు కట్టుకుని పోయాము. మునకలు వేసి వస్తుంటే ఆ పక్కనే వల లాగుతున్నారు. తడి పంచెతో తమ్ముడు నిలబడిపోయాడు. ఏ పాటో గుర్తుపట్టాడు. చిన్నప్పటి నుంచి మా ఇంట్లో వింటున్నదే గదా. "దేవుడి పేరు రెండు ముక్కలు ఇరిచి చేపలకు కట్టినారే" అని అందరి ముందూ కేకవేశాడు. ముత్యాలయ్య తాడు వదలకుండానే, "కట్టలేదు సామీ, పిలస్తా ఉండాం. రా అంటేనే గదా ఏదైనా వచ్చేది" అన్నాడు. ఎగతాళికి అన్న మాట కాదు. తమ్ముడు మాత్రం అలాగే తీసుకున్నాడు. బండి దిగాక నాతో, "ఆ కీర్తన మన ఇంటిది. నువ్వు దాన్ని ఈదిలో పెట్టినావక్కా. నీ తరవాత ఆ గదిలో ఎరువు మూటలు ఏయిస్తా" అన్నాడు.

అందుకని దీన్ని స్పష్టంగా రాస్తున్నాను. ఆ కీర్తనను ముత్యాలయ్య దొంగిలించలేదు. గురువుగారు నాకు నోటితో ఇచ్చారు, నేను అతనికి నోటితో ఇచ్చాను. దస్తావేజు లేదు, అక్కర్లేదు. వలకు కట్టుకున్నా, ఉయ్యాలకు కట్టుకున్నా అతని ఇష్టం. నేను చెప్పుకునే నామజపంలో ఆ పేరు వేలసార్లు వచ్చేది. అందులో 'రా' అనే పిలుపు ఉందని ఒడ్డున విన్న తర్వాతే తెలిసింది. ఇప్పుడు జపానికి కూర్చుంటే నాకు ఆ తాడు గుర్తొస్తుంది. దోషమైతే ఆ దేవుడు నన్నే అడుగుతాడు.

ఆరు. ముందరగది. హద్దులు: తూర్పు వీధి, దక్షిణం చెంచురామయ్య గారి గోడ, పడమర మా నడవ, ఉత్తరం కొబ్బరిచెట్లు. ఈ గది నా అనంతరం తమ్ముడికే చెందవలెను. అయితే ప్రతి ఆదివారం సాయంత్రం వీధి తలుపు తెరిచి ఉంచవలెను. పాట తెచ్చినవాళ్లు ఎవరైనా లోపలికి రావచ్చు. ఏ కులం, ఏ పాలెం అని అడగకూడదు. ఇది సంగీతమేనా అని కూడా అడగకూడదు. మాలో సంజీవరావు ఒకసారి అడిగాడు, హజరత్తయ్య ఒకసారి అడిగాడు, నేను కూడా అడిగాను. అడిగిన ప్రతిసారీ ఆ సాయంత్రం చెడింది. జంపఖానా గదితోపాటే ఉంటుంది. దాన్ని చించి పంచుకోకూడదు. సున్నం ఏటా వేయించాలి. పాటకు గోడలు తడిగా ఉండకూడదు. ఎరువు మూటలకూ ఉండకూడదనుకోండి, ఆ మాట వేరు.

ఏడు. మరదలు రాఘవమ్మకు:

ఇక్కడ ఖాళీ వదిలాను. నా పట్టుచీరలు ఆమె కట్టదు, నా పుస్తకాలు చదవదు. ఆదివారాలు కాఫీ గ్లాసులు గడప దగ్గర పెట్టి లోపలికి పోయే మనిషి. ఇరవై ఏళ్లుగా ఒకే ఇంట్లో ఉన్నాము, ఆమెకు ఏది ఇష్టమో నాకు తెలియదు. అడిగి రాస్తాను.

ఎనిమిది. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత తమ్ముడు పద్మనాభయ్యదే. అతనికి ఇష్టం లేదని తెలిసే అప్పగిస్తున్నాను. సంజీవరావుకు అప్పగిస్తే కోర్టు దాకా పోయి గెలుస్తాడు. గెలిచిన గదిలో మా ఇంటివాళ్లు అడుగుపెట్టరు. నాకు అది వద్దు. మాట ఇచ్చాక తప్పడం తమ్ముడికి చేతకాదు. మాట ఇస్తాడా లేదా అన్నదొక్కటే నాకు తెలియవలసింది.

ఇంతవరకు పగలు రాశాను. సాయంత్రం దీపాలు పెట్టాక నడవలో అందరినీ కూర్చోబెట్టి చదివి వినిపించాను. నన్ను సాగనంపడానికి వచ్చిన మాలకొండమ్మ కూడా ఉంది. రెండో షరతు వినగానే కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. ఆ చాటు నుంచే, "దానికి అడుగు పోయిందక్కా, మాటు ఏయించినా" అంది.

తమ్ముడు చివరిదాకా తల ఎత్తలేదు. నేను కాగితం కింద పెట్టాక ఇలా అన్నాడు. "గది నీది. మూటలు యాడో ఒకచోట ఏసుకుంటా. ఎవురొచ్చినా రానీ. అయితే ఆ కీర్తన అట్ట ఇరిచి పాడగూడదని గూడా అందులో రాయి. నేను పూజ చేసుకునే ఇంట్లో అది ఇనబడితే మాత్రం తలుపు మూసేస్తా."

కలం పట్టుకుని కూర్చున్నాను. రాస్తే, ముత్యాలయ్యను రమ్మని పిలిచి నోరు మూసినట్టు. రాయకపోతే గది పోతుంది. మనసులో నామం చెప్పుకున్నాను. అదీ రెండు ముక్కలుగానే వచ్చింది.

అప్పుడు తలుపు చాటు నుంచి రాఘవమ్మ మాట్లాడింది. మగవాళ్లు కూర్చున్నచోట ఆమె నోరు విప్పడం నేను ఇంతవరకు చూడలేదు.

"అయితే బాయి గూడా పూడిపించండి" అంది.

తమ్ముడికి అర్థం కాలేదు. మాకూ కాలేదు. ఆమె ముందుకు రాలేదు, గొంతు పెంచలేదు. "చేద లాగేటప్పుడు నేను అట్టనే పాడతా ఉండా. ముత్యాలయ్య మీకు చెప్తా ఉంటే గడప కాడ గ్లాసులు పెడతా ఇన్నా. ఏడాది పైనే అయింది. రా అంటే లాగతా, మా అంటే చేతులు మార్చుకుంటా. నడుం నొప్పి పోయింది. ఆ నీళ్ళతోనే గదా మీరు రోజూ అభిషేకం చేసేది" అంది.

మాలకొండమ్మ నవ్వబోయి ఆగింది. తమ్ముడు ఆమె వైపు తిరిగి, "మరి నాకెందుకు ఇనబళ్ళేదే?" అన్నాడు.

"మీరు గంట వాయిస్తా ఉంటారు" అంది రాఘవమ్మ.

ఆ తర్వాత ఇంట్లో అనుకున్నవి ఇవి. ఆదివారాలు వీధి తలుపు తెరిచే ఉంటుంది. తెరిచేది రాఘవమ్మ. తాళంచెవి ఆమె కొంగున ఉంటుంది. ఏడో షరతులో ఖాళీకి అదే రాయమంది, వేరే ఏమీ వద్దంది. ఆ ఖాళీ ఇక్కడితో నిండినట్టే. ఎవరి పాట ఎలా పాడాలన్న షరతు ఈ వీలునామాలో ఉండదు. అలా పాడటం తనకు ఇష్టం లేదన్న సంగతి కాగితంలో ఉండాలని తమ్ముడు పట్టుబట్టాడు. ఉంది. ఇష్టం లేకపోయినా నేను రాసినదంతా జరిపిస్తానని మాట ఇచ్చాడు. అదీ ఉంది. భోజనానికి లేస్తూ, రేపు పొద్దున గంట వాయించకుండా పూజ చేసి చూస్తానన్నాడు.

క్రోధి నామ సంవత్సర ఫాల్గుణ శుద్ధ ఏకాదశి, శనివారం, అనగా 1965 మార్చి 13, అల్లూరు.

(సంతకం) ఆదిశేషమ్మ

మేము చూస్తుండగా ఆమె సంతకం చేసినట్టు సాక్షులు:
1. చెంచురామయ్య, రైతు, దక్షిణపు గోడ ఇంటివాడు
2. పెంచలయ్య, పోస్టుమాస్టరు, అల్లూరు